పిండిలో రెండు చేతులు

9 జనవరి 2025

అక్క లిదియమ్మకు సాగర్ వందనాలు.

ఈ కాగితం సహాయ సంస్థ వాళ్ళు ఇచ్చారు. నెలకు ఒకటి, మనిషికి ఒకే చిరునామా. ఫోన్లు లేవు. ఊరి పేరు గానీ సైన్యం పేరు గానీ రాస్తే నల్ల ఇంకు పూస్తారట, అందుకని ఎక్కడున్నానో అడగొద్దు. నీ మరదలు సుధ ఆత్మకూరులో ఇల్లు మారినప్పుడు కొత్త అడ్రసు చెబుతుంటే రాసుకోకుండా ఫోన్లో పోట్లాడాను. ఇప్పుడు నా నోటికి వచ్చే అడ్రసు ఉదయగిరిలో మన పేట ఒక్కటే.

యుద్ధం మొదలవగానే మా కంపెనీ మేనేజర్లు కార్లెక్కి వెళ్ళిపోయారు. నీళ్ళ ట్యాంకరు డ్రైవర్లం పదకొండు మందిమి మిగిలాం. ఆగస్టు పదిహేడున రొట్టెల కొట్టు దగ్గర పిండి పంచుతున్నారంటే పోయి లైనులో నిలబడ్డాను. అక్కడ షెల్లు పడింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా తీసేశారు. ముఖం ఎడమ పక్క కాలింది. నాలుగు నెలలు ఎవరు పలకరించినా నాకు సరిగా తెలియలేదు. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను. పాస్‌పోర్టు ఎక్కడ పోయిందో తెలియదు. ఈలోగా ఈ ఆసుపత్రి అవతలి సైన్యం చేతికి వచ్చింది కాబట్టి నన్ను కూడా ఖైదీల్లో కలుపుకున్నారు.

ఇన్ని నెలలు కబురు లేక కంగారు పడి ఉంటారు. అమ్మ ఎట్లా ఉంది? మా బిడ్డ జెస్సికా పరీక్షలు ఎట్లా రాసింది? వెనక మడతలో సుధకు నాలుగు ముక్కలు రాశాను, చించి ఇవ్వు. కాగితం జరగకుండా దాని మీద గ్లాసు పెట్టి రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

నీ తమ్ముడు,
సాగర్


ఉదయగిరి, 2 మార్చి 2025

సాగరా, నా నాయనా,

నవ్వలేదురా. పోస్ట్‌మ్యాన్ ముందరే నేల మీద కూలబడ్డాను. ఆయన "ఏందిమ్మా" అంటే కడుపునొప్పి అన్నాను. ఆ అబద్ధం ఎందుకు చెప్పానో అప్పటికి నాకే తెలియదు. ఆరు రోజులుగా నీ కాగితం చదవడం, మళ్ళీ బియ్యం డబ్బాలో దాచడం, ఇదే పని. ఎట్లా చెప్పాలో తోచక తిన్నగా రాసేస్తున్నాను: నిన్ను మేము సెప్టెంబరులో పూడ్చిపెట్టాం.

నీ ఫోటో వచ్చింది. లోకమంతా వచ్చింది. నేలంతా తెల్లటి పిండి. అందులో ఒక మనిషి, ముఖం నిండా పిండి, కళ్ళు మూసుకుని. అతని ఎడమ చెయ్యి ఒక చిన్న పాప చేతిని కప్పి ఉంది. పాప ముఖం కనపడదు, చెయ్యి మాత్రమే. మన పాస్టర్ పాల్ గారు కూడికలో ఫోన్ అందరికీ తిప్పి చూపించి "చూడండమ్మా, పిల్లను కాపాడబోయి ఎట్లా పొయినాడో, పేరు కూడా తెలీదంట" అన్నారు. నాకు ముఖం తెలియలేదు. ఉంగరపు వేలు తెలిసింది. చెక్క గరిటెలు కోసే రంపం కింద నీ వేలికొస పోయినప్పుడు గుడ్డ చుట్టింది నేనే గదా. "ఇది మా తమ్ముడి చెయ్యి" అని అరిచాను. అంతవరకూ ఆ ఫోటోలో ఉన్నది పేరు లేని కార్మికుడు. మూడో రోజుకు లోకమంతా నీ పేరు.

శవం రాదని తేలిపోయింది. పెట్టె లేకుండా ఆదరణ కూడిక ఏంటని పేటలో అందరూ అన్నారు. అప్పుడు ఆ ఫోటోనే నిలువెత్తు అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి, పెట్టెలో పెట్టి పూడ్చాం. పాస్టర్ గారు "పాప చెయ్యి కత్తిరిస్తే బాగుంటది గదమ్మా, పరాయి బిడ్డ" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ బిడ్డను వదలకుండా పట్టుకుని పోయినవాణ్ణి మనం ఇక్కడ విడదీస్తామా అన్నాను. ఆ బిడ్డకు సారా అని పేరు పెట్టి ఇద్దరికీ ఒకే రాయి వేశాం.

ఇంకో సంగతి విను. నాయన పోయినప్పుడు మన సమాధుల తోట దారికి, అది తన పొలమని జనార్దనయ్య కంచె కట్టి ఉంటే, పెట్టెను వాగులో నడుములోతు నీళ్ళలో మోసుకుపోయాం, గుర్తుందా? పెట్టె చేజారింది, నువ్వు నీళ్ళలో దూకి పట్టుకున్నావు. నీ పెట్టె రోజు విదేశాల కెమెరాలు నాలుగు వచ్చాయి. కలెక్టరు గారు వచ్చారు. కంచె లేదు! జనార్దనయ్య దారి పక్కన చేతులు కట్టుకుని నిలబడి "దారి మీదేలే అమ్మా, ఎవురు కాదన్నారు" అన్నాడు. పదకొండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే కానిది, నీ ఫోటో ఒక్క పూటలో చేసింది.

సుధకు ఆత్మకూరు హాస్టల్లో వంట పని ఇచ్చారు. జెస్సికాను నర్సింగు చదివిస్తామని ఒక విదేశీ ట్రస్టు ముందుకు వచ్చింది. అమ్మ సంగతి అడిగావు. మొదటి నుంచీ "వాడు బతికే ఉండాడు మే" అంటూనే ఉంది, మతి తప్పిందని ఊరుకున్నాం. నీ ఉత్తరం వచ్చిన రోజు "సాగర్ దగ్గర్నుంచి గదా?" అంది. కరెంటు బిల్లు అన్నాను.

ఎవరికీ ఇంకా చెప్పలేదు నాయనా. కొంచెం ఆలోచించుకోనీ.

నిన్ను తలచుకుని పొంగిపోతున్న
అక్క


11 ఏప్రిల్ 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వానో ఏడ్చానో పక్క మంచం ముసలాయనకు అర్థం కాక నర్సును పిలిచాడు. ఆమెకు సైగలతో చెబితే తన ఫోన్లో ఆ ఫోటో తీసి చూపింది. ఆమెకు తెలుసు, అందరికీ తెలుసు. కింద హాల్లో గోడకు అంటించి ఉందట, రోజూ దాని ముందర నుంచే నన్ను డ్రెస్సింగుకు తీసుకుపోతున్నారు. నేను ఫోటోను చూపించి, నా గుండె మీద చెయ్యి పెట్టుకుని "నేనే" అన్నాను. ఆమె నా భుజం తట్టి వెళ్ళిపోయింది. తర్వాత తెలిసింది, ఈ వార్డులోనే ఇంకో ఇద్దరు అది మేమే అంటున్నారట.

సంస్థ ఆయన మాత్రం ఓపిగ్గా విన్నాడు. దయాసాగర్ చనిపోయాడని సర్టిఫికెట్ ఉంది, నీకు ఆధారం ఏముంది అన్నాడు. నువ్వు పోల్చుకున్న వేలు చూపిద్దామంటే ఆ చెయ్యే లేదు. ఆ చెయ్యి ఇప్పుడు ఫోటోలోనే ఉంది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. దీంతో ఒక ఫారం పంపుతున్నాను. దాని మీద నా ముఖం ఫోటో ఉంటుంది, భయపడకు, కుడి పక్క చూడు. "ఈ మనిషి మీకు తెలుసా?" అని ఉంటుంది. అవును అన్న గడిలో గుర్తు పెట్టి సంతకం చేసి పంపు. ఖైదీల మార్పిడి జాబితాలో పేరు ఎక్కితే మూడు నెలల్లో ఇంటికి పంపుతారు.

నా ఫోటో పోస్టర్లు వేసినోళ్ళు తర్వాత చింపుకుంటారులే. కలెక్టరు గారికి నేనే దండం పెట్టి చెప్పుకుంటా. సుధ ఒక్క ముక్క కూడా రాయలేదేం? కోపమైతే కోపమని రాయమను.

సాగర్


ఉదయగిరి, 20 మే 2025

సాగరా,

ఫారం అందింది. బైబిల్లో భద్రంగా పెట్టాను. నీ ముఖం చూసి ఒక రాత్రంతా నిద్రపోలేదు. ఒక చిన్న మనవి చేస్తాను, అక్క మాట తీసెయ్యొద్దు. ఆగస్టు పదిహేడు దాకా ఆగు.

ఆ రోజుకు ఏడాది. ఆ ఫోటో తీసిన ఆయన స్వయంగా ఉదయగిరికి వస్తున్నాడు. పెద్ద బహుమతి వచ్చిందట దానికి. కలెక్టరు గారు ఆ సభలోనే దారి కాగితాలు ఇస్తామని మాటిచ్చారు. ఇప్పటికి అంతా నోటిమాటే గదా, కంచె రాళ్ళు ఇంకా గట్టు మీదే ఉన్నాయి. నువ్వు బతికున్నావని ఈలోగా బయటపడితే జనార్దనయ్య ఊరుకుంటాడా? "మోసం చేసినారు, ఫోటో పెట్టి పూడ్చినారు" అని ఊరంతా చాటిస్తాడు.

నీకు తెలియదు గానీ అది ఎంత దూరం పోయిందో! ఏవో రాజధానుల్లో జనం ఒంటి మీద పిండి పోసుకుని రోడ్ల మీద పడుకుంటున్నారట. మన గరిటెలవాళ్ళు పిడి మీద రెండు చేతులు చెక్కి అమ్ముతున్నారు, గిరాకీ బాగుందట. సీతారామపురం నుంచి బడి పిల్లల్ని జీపులో తెచ్చి నీ రాయి చూపించారు. ఇంటికి వచ్చిన విలేకరి నన్ను నీ ఫోటో పట్టుకుని నిలబడమన్నాడు. బాగా రాలేదని ఏడుసార్లు నిలబెట్టాడు. ఏడోసారి నిజంగానే ఏడుపొచ్చింది, అదే వేశారు. ఆయనే చెప్పాడు, అక్కడ ఆ రోజు అరవై మూడు ఫోటోలు తీశారట, వాటిలో ఒక్కటే పనికొచ్చిందట. దేవుడు ఏర్పరచుకోవడమంటే అదే అని పాస్టర్ గారు ప్రసంగం చేశారు.

సుధ కోపంగానే ఉంది. రాయనంది. బలవంతం చెయ్యలేను.

మూడు నెలలే నాయనా. కళ్ళు మూసుకుని గడిపెయ్.

అక్క


28 జూన్ 2025

అక్కా,

కళ్ళు మూసుకోమన్నావు. ఆ మాట ఫోటో తీసిన ఆయన కూడా అనుకుని ఉంటాడు. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

అరవై మూడింట్లో ఒక్కటే ఎందుకు పనికొచ్చిందో నేను చెబుతాను. మిగతా అరవై రెండింట్లో నా కళ్ళు తెరిచి ఉన్నాయి. నేను ఆయన్ని చూస్తూనే ఉన్నాను. నీలం చొక్కా, మెడలో రెండు కెమెరాలు. "నీళ్ళు, నీళ్ళు" అన్నాను, తెలుగులోనే అన్నాను, నోట్లో ఇంకో భాష రాలేదు. ఆయన దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నీళ్ళు ఇస్తాడనుకున్నాను. టక్కు టక్కుమని తీస్తూనే ఉన్నాడు. పిండి కంట్లో పడి మంటకు ఒకసారి కళ్ళు మూశాను. అది మీ దగ్గరికి వచ్చింది. ఆయన రాక్షసుడేమీ కాదు. పోతూ పోతూ నా ముఖం మీద తన రుమాలు కూడా కప్పాడు.

ఇంకొకటి ఉంది. నర్సు ఫోన్లో ఫోటో చూసినప్పుడు నేను వెతికింది నా ముఖం కాదు, సంచి. ఆ రెండు చేతుల కింద ఒక సంచి ఉండాలి. కింది భాగం కోసేశారు.

పిండి ఆఖరి సంచి ఆ పాపకు ఇచ్చారు. ఏడేళ్ళుంటాయేమో. నా వంతు వచ్చేసరికి అయిపోయింది అన్నారు. అప్పటికి నాలుగు రోజులుగా నేను తిన్నది ఏమీ లేదు. నేను ఆ పిల్ల చేతి మీద చెయ్యి వేసి సంచి లాక్కుంటున్నాను అక్కా. ఆమె వదలడం లేదు. వేళ్ళు విరగదీయాలని నొక్కుతున్నాను. అప్పుడు షెల్లు పడింది. పడ్డాక కూడా ఆమె కాసేపు పట్టుకునే ఉంది.

మీరు సారా అని పేరు పెట్టారు. వాళ్ళమ్మ పెట్టిన పేరు ఏదో ఒకటి ఉంటుంది. ఆ రాయి తీసేయండి. నేను దాని కింద పడుకోలేను, పైన తిరగలేను. నిజం చెప్పేస్తే మీరే ఆ ఫోటోలన్నిటినీ చింపేసి నన్ను ఇంటికి పిలుస్తారని రాశాను. ఫారం పంపు.

సాగర్


ఉదయగిరి, 25 ఆగస్టు 2025

సాగర్,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. ఇంకోసారి అట్లాంటిది రాయొద్దు.

నువ్వు ఏదో కొత్త సంగతి చెబుతున్నాననుకున్నావు. ఆ సంచి నేను ఎప్పుడో చూశాను. మొదట వచ్చిన విలేకరి తన ల్యాప్‌టాప్‌లో మొత్తం ఫోటో చూపించి, వెంట తెచ్చుకున్న మనిషితో తెలుగులో అడిగించాడు, ఆ సంచి ఎవరిది అని. పాపది, బరువుగా ఉంటే మా తమ్ముడు మోసిపెడుతున్నాడు అన్నాను. వాడి స్వభావం అంత అన్నాను. ఆయన రాసుకున్నాడు. నీ చెయ్యి ఎట్లా ఉంటే మోసినట్టు, ఎట్లా ఉంటే గుంజినట్టు ఉంటుందో నీ అక్కకు తెలియదా? నా చేతిలోంచి బెల్లం ముక్క లాక్కున్న చెయ్యి అది. తెలిసే చెప్పాను.

ఏడాది నిండిన రోజు సభ జరిగింది. నీళ్ళు ఇవ్వలేదన్నావే, ఆ నీలం చొక్కాయనే, నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. నేను ఆయనకు మజ్జిగ ఇచ్చాను. కలెక్టరు గారు వేదిక మీద కాగితాలు చూపించి ఫోటో దిగారు గానీ, సంతకాలు నవంబరులో అన్నారు. జనార్దనయ్య కొడుకు బయట టీ కొట్టు దగ్గర "నవంబరు రానీలే" అని నవ్వాడంట.

నువ్వు వస్తే ఏమవుతుందో చెప్పనా? ఆకలికి పిల్ల చేతులు విరిచినవాడి కోసం దారి ఎవడిస్తాడు? సుధ హాస్టల్ పని పోతుంది. జెస్సికాను కాలేజీలో వేలెత్తి చూపిస్తారు. నన్ను దొంగ అంటారు. నాయన పెట్టె పట్టుకోవడానికి నీళ్ళలో దూకావు, అది నిజం. ఆ తర్వాత బతికి మాకు ఏం చేశావురా? తాగావు, పోట్లాడావు, దేశం పోయావు. చచ్చి చేసినంత ఎప్పుడైనా చేశావా?

ఇది కూడా చెప్పేస్తున్నాను. సుధకు నీ కాగితాలు ఒక్కటీ ఇవ్వలేదు. ఆమెకు కోపం లేదు. ఆదివారం ఆదివారం ఆత్మకూరు నుంచి బస్సెక్కి వచ్చి నీ రాయి కడిగి పోతుంది.

లిదియమ్మ


15 సెప్టెంబరు 2025

అక్కా,

నువ్వు అన్నవన్నీ ఒప్పుకుంటున్నాను. తాగాను, పోట్లాడాను. పిల్ల చేతులు విరిచాను. తిట్టు, ఎన్నైనా పడతాను.

మార్పిడి జాబితా నవంబరు పదిహేనున మూసేస్తారు. అప్పటికి బంధువుల సంతకం లేనివాళ్ళను దక్షిణాన ఇంకో క్యాంపుకు పంపిస్తారు. అక్కడికి సంస్థ వాళ్ళను రానివ్వరు, ఉత్తరాలు ఉండవు. అక్కడికి పోయినవాళ్ళ గురించి అడిగితే సంస్థ ఆయన చేతిలో జాబితా మూసేసి పక్క మంచం దగ్గరికి పోయాడు. అడ్రసు మార్చమని బతిమాలాను, సుధకు రాసుకుంటానని. మార్చడానికి కూడా నీ సంతకమే కావాలట.

నీ దారి నేను చెడగొట్టను. నేను ఉదయగిరికి రానే రాను. విమానం దిగి ఎటో పోతాను. సోమశిల దగ్గర ఒంటి చేత్తో ఏ వలలు ఎండేసే పనో చేసుకుంటాను, కొండాపురం సంతలో మూటలు మోస్తాను. ఈ ముఖం ఎవరూ పోల్చుకోరు, నువ్వే పోల్చుకోలేకపోయావు. పేరు మార్చుకుంటాను. దయాసాగర్ చచ్చినవాడుగానే ఉండనీ, రాయి ఉండనీ, పాప సారాగానే ఉండనీ. సుధను మళ్ళీ పెళ్ళి చేసుకోమన్నా సరే. అవును అన్న గడిలో ఒక గీత గీయి, అంతే.

ఒక్కసారి మాత్రం అమ్మను చూడనీ. చీకటి పడ్డాక వచ్చి తెల్లారేలోపు పోతాను. బతికే ఉన్నాడని ఆమె ఒక్కతే అన్నది గదా. ఆమె మతి తప్పలేదని ఆమెకు చెప్పి పోతాను.

నీ కాళ్ళు పట్టుకుంటున్నాను,
సాగర్


ఉదయగిరి, 30 అక్టోబరు 2025

అయ్యా,

మీ ఉత్తరం అందినది. మీరు పంపిన ఫారం నింపి, కాదు అన్న గడిలో గుర్తు పెట్టి, సంతకం చేసి ఈ రోజే సంస్థ వారికి పంపాను. మా సంఘం పాస్టర్ గారు సాక్షి సంతకం చేశారు. ఫారం మీది ఫోటోను ఆయన చాలాసేపు చూసి "పాపం, ఎవురోనమ్మా" అన్నారు.

మా తమ్ముడు దయాసాగర్ నిరుడు ఆగస్టు పదిహేడున ఒక పాపను కాపాడబోయి చనిపోయాడు. ఇది లోకమంతటికీ తెలిసిన సంగతి. ఆ ఫోటో చూసి మతి చలించి, అది తామేనని చెప్పుకునేవారు చాలామంది ఉన్నారని విన్నాను. మీ మీద నాకు కోపం లేదు. మీకు కూడా ఎక్కడో ఒక అక్క ఉండి ఉంటుంది. ఆమె ఈపాటికి మీ కోసం ఏడ్చి ఏడ్చి ఊరుకుని ఉంటుంది.

మీరు మా అమ్మ గారి గురించి అడిగారు. మా అమ్మ రెబెకమ్మ ఈ నెల పన్నెండున ప్రభువునందు నిద్రించింది. ఆఖరి దాకా కొడుకు పేరే పిలిచింది. వస్తున్నాడమ్మా, బస్సు దిగాడు, నడిచి వస్తున్నాడు అని చెప్పాను. ఆమె నమ్మింది.

పెట్టెను కొత్త దారినే తీసుకుపోయాం. వాన కురిసి వాగు నిండుగా పారుతోంది, అయినా మాలో ఒక్కరి కాలూ తడవలేదు. జనార్దనయ్య గారు కూడా వచ్చి పిడికెడు మన్ను వేశారు.

ఇకమీదట ఈ చిరునామాకు రాయవద్దు. అమ్మను తన కొడుకు పక్కనే పెట్టాం.

లిదియమ్మ,
ప్రభువునందు నిద్రించిన దయాసాగర్ అక్క